ఫోనులోంచి వాకిట్లోకి

ఒక్కరి చెవిలో మోగే పాట బతుకమ్మ చుట్టూ తిరిగే అందరికీ వినబడాలన్నా, అరచేతిలో ఆడే సినిమా ఊరి గోడ మీద పడాలన్నా యాప్‌లో ఒక చిన్న గుర్తు ఉండాలి. ఆ గుర్తు వెనక ఎంత పని ఉందో, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు అది ఎందుకంత అవసరమో చెప్పే కథనమిది.

‘బలగం’ 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చింది. మూడు వారాలకు, మార్చి 24న, అమెజాన్ ప్రైమ్ వీడియోలోకి చేరింది. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో జరిగింది ఓటీటీ లెక్కలకు అందనిది. పంచాయితీ ఆఫీసు ముందు తెల్లబట్ట కట్టారు. ప్రొజెక్టర్ తెచ్చారు, సౌండ్ బాక్సులు పెట్టారు. పిల్లలు చాపల మీద, పెద్దవాళ్లు కుర్చీల్లో, ఆలస్యంగా వచ్చినవాళ్లు గోడల మీద కూర్చున్నారు. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన సినిమా అది. చావింట్లో పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే ఆ ఇంటివాళ్లు పడే తండ్లాటే అందులోని కథ. చివర్లో శారద కథ కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాట ఎత్తుకునేసరికి కొంగులు కళ్లకు చేరాయి. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు సినిమా చూశాక కలిసిపోయారన్న వార్తలు పేపర్లలో వచ్చాయి.

అనుమతి లేకుండా సినిమాను ఇలా ఊళ్లలో వేస్తున్నారని నిర్మాణ సంస్థ నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. డబ్బు పెట్టి సినిమా తీసినవాళ్ల బాధ న్యాయమైనదే. తమ కథను అందరూ కలిసి చూడాలనుకున్న ఊరి ఆరాటమూ నిజమైనదే. ఓటీటీ యాప్ ఒక ఖాతాకు, ఒక ఇంటికి కట్టిన లెక్క. బలగం కథ మాత్రం ఊరుమ్మడిది.

పదిమంది కలిసి వినడం, కలిసి చూడడం ఈ నేలకు కొత్త కాదు. ఒగ్గు కథ, శారద కథ, చిందు భాగోతం అన్నీ వాకిట్లో, రచ్చబండ దగ్గర నడిచినవే. రేడియో వచ్చిన తొలిరోజుల్లో పంచాయితీ ఆఫీసు దగ్గరి సెట్టు ముందు ఊరంతా గుమిగూడేది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం సాయంతో ఇస్రో నడిపిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ అందింది. ఊరికి ఒక్కటే సెట్టు, దాని ముందు ఊరంతా. ఆ తర్వాత టీవీ ఇంట్లోకి వెళ్లింది. టీవీలో ఆడేది జేబులోని ఫోనులోకి వెళ్లింది. చివరకు ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ఒక్క మనిషి దగ్గర ఆగింది.

యాప్‌లో టీవీ ఆకారంలో ఒక మూలన చిన్న తరంగాలు గీసి కనిపించే గుర్తు ఈ ప్రయాణాన్ని వెనక్కి తిప్పుతుంది. ఫోనులో ఉన్నదాన్ని తీగ లేకుండా బాక్సుకో టీవీకో పంపుతుంది. దాన్ని యాప్‌లో చేర్చడం నాలుగు లైన్ల కోడుతో తెగే పని అనుకుంటారు. వాడకట్టులోకి వచ్చి చూస్తే అది మనుషుల అలవాట్లు తెలిసి చేయాల్సిన పని అని అర్థమవుతుంది.

బతుకమ్మ పాట మధ్యలో ఫోన్ వస్తే

కరీంనగర్ వాడల్లో బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం కనిపించే దృశ్యమిది. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలను నడుమ పెడతారు. పక్కనే స్టూలు మీద ఒక బ్లూటూత్ బాక్స్ ఉంటుంది. ఒకప్పుడు ఒక అమ్మ పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఎత్తుకునేది ఫోను. “అక్కా, నీ ఫోన్ల బ్లూటూత్ బంద్ పెట్టు, నాది కనెక్ట్ అయితలేదు” అన్న మాట కూడా పండగలో భాగమైపోయింది.

బ్లూటూత్ పని 1994లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ దగ్గర మొదలైంది. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దానికి పెట్టారు. అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో నడుస్తుంది. అదే పట్టీలో వైఫై ఉంటుంది, మైక్రోవేవ్ పొయ్యి చేసే గోల కూడా ఉంటుంది. ఆ రద్దీలో మాట పోకుండా బ్లూటూత్ ఒక ఉపాయం చేస్తుంది. పట్టీని 79 దారులుగా విడగొట్టి, సెకనుకు 1,600 సార్లు ఒక దారి నుంచి ఇంకో దారికి గెంతుతుంది. ఏ క్రమంలో గెంతాలో ఫోనుకూ బాక్సుకూ మాత్రమే తెలుసు. పక్కింటి బాక్సులో వేరే పాట మోగుతున్నా ఈ పాట చెడకపోవడానికి కారణం ఇదే.

పాట మధ్యలో ఆ ఫోనుకు కాల్ వచ్చిందనుకోండి. పాట ఆగుతుంది. కొన్నిసార్లు కాల్ గొంతు కూడా బాక్సులోనే మోగి ఇంటి ముచ్చట వాడంతా వినాల్సి వస్తుంది. కాల్ పెట్టేశాక కొన్ని యాప్‌లలో పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంటుంది. చుట్టూ తిరుగుతున్న అడుగులన్నీ ఆగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ ఎప్పుడు స్పీకరును వాడుకోవాలో చెప్పే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ‘ఆడియో ఫోకస్’ అంటారు. కాల్ వస్తే యాప్‌కు ‘కాసేపు ఆగు’ అని కబురు వస్తుంది, కాల్ అయ్యాక ‘ఇక కానివ్వు’ అని వస్తుంది. ఆ రెండు కబుర్లనూ పట్టించుకుని ఆగిన చరణం నుంచే పాటను అందుకునేలా యాప్ రాయాలి.

ఇంకో కబురు కూడా ఉంది. ఫోను పట్టుకున్న పిల్ల నీళ్లు తాగడానికి ఇంట్లోకి పోయిందనుకోండి. మామూలు బ్లూటూత్‌కు పది మీటర్ల దూరం దాటినా, నడుమ గోడ అడ్డొచ్చినా బంధం తెగిపోవచ్చు. బాక్సుతో బంధం తెగగానే పాట ఫోను సొంత స్పీకరులోంచి గట్టిగా మోగే ప్రమాదం ఉంది. అందుకే ఆండ్రాయిడ్ ఆ క్షణంలో ‘చప్పుడు బయటికి రాబోతోంది’ అని యాప్‌ను హెచ్చరిస్తుంది. మంచి యాప్ అక్కడే ఆగుతుంది. ఆస్పత్రి వరండాలోనో చావింట్లోనో ఉన్న మనిషికి ఈ చిన్న మర్యాద ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

గాలిలో నడిచే శబ్దానికి ఆలస్యం కూడా ఉంటుంది. ఫోను పాటను కుదించి పంపుతుంది, బాక్సు దాన్ని విప్పి మోగిస్తుంది. ఈ లోపు సెకనులో పదో వంతు, అయిదో వంతు గడిచిపోతుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన అయిదో వంతు సెకను అంటే దాదాపు 70 మీటర్ల దూరం నుంచి విన్నట్టు. చెరువు అవతలి గట్టున చాకలి బండకేసి బట్ట కొట్టడం ముందు కనబడి, చప్పుడు తర్వాత వినబడే తీరు ఇదే. సినిమా చూపించే యాప్ ఈ ఆలస్యాన్ని తెలుసుకుని బొమ్మను కూడా అంతే వెనక్కి జరుపుతుంది. అప్పుడే పెదవి, మాట కలుస్తాయి. ఎదురుగా కొడుతున్న ఒగ్గు డోలుకు మాత్రం ఈ సవరణ కుదరదు. అక్కడ తీగ మైకే శరణ్యం.

ఒక ఫోను నుంచి ఎన్ని బాక్సులకైనా ఒకేసారి పాట పంపే కొత్త పద్ధతికి 2022లో ‘ఆరాకాస్ట్’ అని పేరు పెట్టారు. రేడియో స్టేషన్ లాగా ఫోను ప్రసారం చేస్తే, దగ్గర్లో ఆ పద్ధతి తెలిసిన బాక్సులన్నీ అందుకుంటాయి. పెద్ద బతుకమ్మ ఆటకు నాలుగు మూలలా నాలుగు బాక్సులు పెట్టుకోవాలనుకునే వాడకట్టుకు అది సరిగ్గా అతుకుతుంది.

తెరకు మూడు దారులు

శబ్దం సంగతి అలా ఉంటే బొమ్మను పంపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది ‘కాస్ట్’. గూగుల్ 2013 జులైలో క్రోమ్‌కాస్ట్ తెచ్చింది. 2014 ఫిబ్రవరిలో ఏ యాప్ అయినా దాన్ని వాడుకునేలా తలుపు తెరిచింది. ఆ ఏడాది డిసెంబరులో 2,999 రూపాయల ధరతో అది మన దేశానికి వచ్చింది. ఇందులో ఫోను బొమ్మను పంపదు. ‘ఫలానా చోట ఈ వీడియో ఉంది, తెచ్చుకో’ అని టీవీకి చిరునామా మాత్రమే చెబుతుంది. టీవీ తనంతట తాను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కిరాణం కొట్టులో యూపీఐ డబ్బాను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. “రూపాయలు అందాయి” అన్న గొంతు కొన్నవారి ఫోనులోంచి డబ్బాకు పోదు. డబ్బాలో ఉన్న సిమ్ముకు సర్వర్ నుంచి కబురు వస్తుంది. కాస్ట్‌లోనూ ఫోను రిమోటు మాత్రమే. కాల్ వచ్చినా సినిమా ఆగదు.

రెండోది ‘మిరాకాస్ట్’. 2012లో వైఫై అలయన్స్ ఖాయం చేసిన పద్ధతి ఇది. ఇందులో ఫోను తెర మీద కనిపించేదంతా అలాగే టీవీ మీద పడుతుంది. రెండూ నేరుగా మాట్లాడుకుంటాయి కాబట్టి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోనులో దాచుకున్న పెళ్లి వీడియోను సిగ్నల్ లేని ఊళ్లో కూడా టీవీలో చూపించవచ్చు. అయితే ఫోనే క్షణక్షణం బొమ్మను కుదించి పంపాలి. ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది. వచ్చిన మెసేజ్ కూడా అందరి ముందూ కనిపిస్తుంది.

మూడోది ఐఫోనుల ‘ఎయిర్‌ప్లే’. 2004లో పాటల కోసం వచ్చిన ఎయిర్‌ట్యూన్స్ 2010లో బొమ్మలనూ కలుపుకుని ఎయిర్‌ప్లే అయింది.

యాప్ చేసేవాళ్లు ఏ దారి ఎంచుకోవాలి? కరీంనగర్ పట్టణంలో ఇంటికి ఫైబర్ ఉన్నవాళ్లకు కాస్ట్ సుఖం. నిర్మల్, ఆసిఫాబాద్ వైపు ఇంట్లో వైఫై లేక ఫోను డేటా మీదే ఆధారపడ్డ కుటుంబానికి మిరాకాస్ట్ లాంటిది కావాలి. ఒక్క దారినే నమ్ముకుంటే ఏమవుతుందో 2025 మార్చిలో తెలిసింది. లోపల ఉన్న ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా పని చేయడం మానేశాయి. గూగుల్ మరమ్మతు పంపేదాకా కొన్ని రోజులు అవి మూగబోయాయి. రెండు మూడు దారులనూ ఒకే గుర్తు కింద పెట్టి, ఇంట్లో ఏది దొరికితే దాన్ని యాప్ తానే వెతికి చూపించాలి.

వెతకడానికీ అనుమతి కావాలి. పాత ఆండ్రాయిడ్ ఫోనుల్లో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి అడగాల్సి వచ్చేది. ‘పాట వినడానికి నేనెక్కడున్నానో నీకెందుకు?’ అని జనం అనుమానపడ్డారు, అందులో తప్పు లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘దగ్గరి పరికరాలు’ అని వేరే అనుమతి వచ్చింది. ఆ అనుమతి ఎందుకో ఒక్క వాక్యంలో, తేట తెలుగులో చెప్పడం యాప్ బాధ్యత.

తెర నల్లబడేది ఎందుకు

ఓటీటీ సినిమాను తెర పంచుకునే పద్ధతిలో చూపిస్తుంటే మాటలు వినిపిస్తాయి, తెర నల్లగా ఉంటుంది. చాలామంది దాన్ని ఫోను లోపం అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా ‘నా తెరను ఎవరూ పట్టుకోవద్దు’ అని గుర్తు పెట్టుకోవచ్చు. సినిమా హక్కులున్నవాళ్లు ఆ గుర్తు పెట్టిస్తారు. బలగం దగ్గర ఊరికీ నిర్మాతకూ నడుమ వచ్చిన పేచీ ఇక్కడ కోడు రూపంలో కనిపిస్తుంది.

ఇంటికి ఒక ధర ఉన్నట్టే ఊరికీ ఒక ధర పెట్టి, పంచాయితీ పేరు మీద ఒక్క రాత్రికి అనుమతి ఇచ్చే ఏర్పాటు యాప్‌లోనే ఉంటే బాగుంటుంది. బట్ట కట్టి, బాక్సులు పెట్టి సినిమా చూసిన ఊరికి చందా వేసుకుని టికెట్టు కొనడం కష్టమేమీ కాదు. అడిగే దారి లేకే ఆ పని దొంగచాటుదైంది.

అదే నల్లతెర ఇంకోచోట మనిషిని కాపాడుతుంది. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, ఈ యాప్ వేసుకోండి’ అని నమ్మించి, ఎదుటివాళ్ల ఫోను తెరను దూరం నుంచి చూస్తూ డబ్బు లాగే మోసం ఉంది. ఎనీడెస్క్ వంటి యాప్‌లతో జరుగుతున్న ఈ మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. డబ్బు యాప్‌లు తమ తెరను పంచుకోనివ్వకపోవడానికి కారణం ఇదే. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 అయితే తెర పంచుకుంటున్నంత సేపూ ఓటీపీ మెసేజ్‌లను తానే దాచేస్తుంది. తెర పంచుకునే సౌకర్యం పెట్టే ప్రతి యాప్ ‘ఇప్పుడు మీ తెర ఎదుటివాళ్లకు కనబడుతోంది’ అని పెద్ద అక్షరాలతో చూపుతూ ఉండాలి, ఆపే మీట బొటనవేలికి అందేచోట ఉండాలి. మోసపోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో తెర పంచుకోవడం వేరే రూపంలో ఉంటుంది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ సాగవు కాబట్టి అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లకు అలవాటుపడ్డారు. ఇంట్లో శుభకార్యమైనా పదకొండో రోజైనా దుబాయిలోని కొడుకు ఫోను తెర మీదే హాజరవుతాడు. ఆ ముఖాన్ని టీవీ మీదకు తెస్తే చూపు ఆనని అవ్వకు మనవడు నిండుగా కనబడతాడు.

బుల్టూ దారి

ఉట్నూరు, నార్నూరు, తిర్యాణి గుట్టల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ మాట్లాడే గోండికి 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 29.8 లక్షల మంది సొంతదారులు. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అంతా పరుచుకున్న భాష అది. అలాంటి చోట యాప్‌లోని గొంతు ఎలా ప్రయాణించాలి?

ఛత్తీస్‌గఢ్ గోండులు ఒక దారి చూపించారు. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర 2010 నుంచి మామూలు ఫోను కాల్ మీదే ఆదివాసుల గొంతులను రికార్డు చేసి వినిపించింది. తర్వాత వచ్చింది ‘బుల్టూ రేడియో’. బ్లూటూత్‌ను అక్కడి జనం బుల్టూ అంటారు. ఇంటర్నెట్ ఉన్నచోటికి వెళ్లినవాళ్లు కార్యక్రమాన్ని ఫోనులోకి దించుకుంటారు. ఊరికి వచ్చి బ్లూటూత్‌తో ఇంకో ఫోనుకు ఇస్తారు. అలా చేతి నుంచి చేతికి, గూడెం నుంచి గూడేనికి వార్త నడుస్తుంది. టవర్ లేదు, డేటా ఖర్చు లేదు. ఆ సంస్థ మైక్రోసాఫ్ట్ పరిశోధకులతో కలిసి గోండి కోసం ‘ఆదివాసీ రేడియో’ అనే యాప్ కూడా చేసింది.

ఆదిలాబాద్ గోండికి సొంత లిపి ఉంది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల ఆధారంగా ఆ లిపికి గుంజాల గోండి అని పేరొచ్చింది. 2018 జూన్‌లో యూనికోడ్ 11లో చోటు దక్కింది. అంటే ఫోనులో, టీవీ తెర మీద ఆ అక్షరాలను చూపించడానికి పునాది పడింది. ఆదిలాబాద్ జిల్లా ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొడసం కైలాష్ కృత్రిమ మేధ సాయంతో కొలామీ అనే ఆదివాసీ భాషలో పాట కట్టడాన్ని 2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. పాట పుట్టింది. అది సిగ్నల్ లేని గూడేనికి చేరే దారి కూడా ఉండాలి. ‘దించుకో, దగ్గరివాళ్లకు పంపు’ అన్న మీటను యాప్‌లో అడుగున దాచకుండా ముందు పెట్టడం అందుకే అవసరం.

రేడియోకూ ఇదే వర్తిస్తుంది. ఆకాశవాణి ‘న్యూసాన్‌ఎయిర్’ యాప్‌లో 240కి పైగా రేడియో సేవలు నేరుగా వినిపిస్తున్నాయి. ఫోనులో వచ్చే ఆ రేడియోను అరుగు మీది బాక్సుకు కలిపితే పాత పంచాయితీ రేడియో మళ్లీ మోగినట్టే.

అడవి శ్రీరాంపూర్ నుంచి లంబాడిపల్లి దాకా

2024 డిసెంబరు 8న టీ-ఫైబర్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగు ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. రంగారెడ్డి జిల్లా హాజీపల్లి, నారాయణపేట జిల్లా మద్దూరు, సంగారెడ్డి జిల్లా సంగుపేట మిగతావి. ఇంటింటికీ తీగ వేసి, ఉన్న టీవీనే కంప్యూటర్‌గా వాడుకునేలా చేయడం ఆ పథకం ఉద్దేశం. తీగ ఇంటిదాకా వచ్చాక ఫోనుకూ టీవీకీ నడుమ మిగిలిన పది అడుగులను తీగ లేకుండా దాటించాల్సింది యాప్‌లే.

ఆ టీవీలో ఏం చూస్తారన్న ప్రశ్నకు జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి ఎప్పుడో జవాబిచ్చింది. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ ఆ ఊరి వాకిళ్లనే స్టూడియో చేసుకుంది. చదువు రాని గంగవ్వ ఆ వీడియోలతో తెలుగువాళ్లందరికీ తెలిసింది, 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లింది. అదే బృందానికి చెందిన అనిల్ గీల నటించిన ‘మోతెవరి లవ్ స్టోరీ’ 2025 ఆగస్టులో జీ5లోకి వచ్చింది. ఊరు తన బొమ్మను తానే తీసుకుని ప్రపంచానికి పంపుతోంది. ఆ బొమ్మ అదే ఊరి టీవీ మీదకు తేలిగ్గా తిరిగి రావాలి.

తేలిగ్గా అన్న చోటే చాలా యాప్‌లు తడబడతాయి. గుర్తు నొక్కగానే చుట్టుపక్కల పరికరాల జాబితా వస్తుంది. అందులో ఉండేవి ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు కలిసిన పేర్లు. ఒకే వాడలో ఒకే కంపెనీ బాక్సులు అయిదుంటే అయిదింటికీ ఒకటే పేరు. గంగవ్వ లాంటి మనిషి తన బాక్సు ఏదో ఎలా పోల్చుకోవాలి? మొదటిసారి కలిపినప్పుడే ‘మా ఇంటి బాక్స్’ అని తెలుగులో పేరు పెట్టుకోనివ్వొచ్చు, పక్కన ఒక బొమ్మ చూపించొచ్చు. ఎక్కువగా వాడేదాన్ని పైన పెట్టొచ్చు. నొక్కితే ఆ బాక్సు ఒకసారి టింగుమనేలా చేయొచ్చు. ఇవేవీ కొత్త సాంకేతికత అడిగేవి కావు.

హైదరాబాద్ ఆఫీసుల్లో యాప్‌ను పరీక్షించే బృందాలకు మంచి వైఫై, కొత్త ఫోనులు, నిశ్శబ్దమైన గదులు ఉంటాయి. వాళ్లు ఒక్కసారి సద్దుల బతుకమ్మ సాయంత్రం కరీంనగర్ వాడకట్టుకు రావాలి. కరెంటు పోయి వస్తుంటుంది. ఫోనులో పదిహేను శాతం చార్జింగ్ మిగిలి ఉంటుంది. పాట మధ్యలో దుబాయి నుంచి కాల్ వస్తుంది. పక్క గుంపు బాక్సు కూడా అదే పేరుతో జాబితాలో కనిపిస్తుంది. పూల చుట్టూ ముప్పై మంది ఆడవాళ్లు చప్పట్లకు చేతులెత్తి నిలబడి, ఆగిన చరణం మళ్లీ ఎప్పుడు అందుకుంటుందా అని స్టూలు మీది బాక్సు వైపు చూస్తుంటారు.